కీళ్ల సత్తువకూ ఓ లెక్క రాయండి

ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయో మనకు నోటికి వచ్చు. గేదె పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చిందో పాల కేంద్రం పుస్తకంలో ఉంటుంది. కౌలు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత పెరిగిందీ అడిగిన వెంటనే చెబుతాం. కానీ ఈ సేద్యాన్నంతా నడిపించే చేతులూ, మోకాళ్లూ పోయిన ఏటికీ ఈ ఏటికీ ఎంత తగ్గాయో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. డాక్టరు "ఎట్లా ఉంది?" అని అడిగితే "అట్లాగే ఉందండీ" అంటాం. ఆయన పాత మందులే మళ్లీ రాస్తారు. మనం ఇంటికి వచ్చేస్తాం.

రెండెకరాల రైతుకు ఇది చిన్న సంగతి కాదు. ఇంటావిడ వేళ్లు బిగుసుకుపోయి మిరపకాయ కోయలేకపోతే ఆ పనికి కూలి మనిషిని పెట్టాలి. మోకాలు మొరాయించి మనిషి గట్టు ఎక్కలేకపోతే నీరు కట్టడానికి ఇంకొకరిని పిలవాలి. మిగిలే నాలుగు డబ్బులు అక్కడే పోతాయి. అందుకే కీళ్ల జబ్బు ఉన్నవారు తమ పని సత్తువను నెలకోసారి కొలుచుకుని రాసుకోవాలి. ఇందుకు యంత్రాలు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, గడియారం, కుర్చీ ఉంటే చాలు.

ఏ నొప్పి ఏది?

కీళ్ల నొప్పులన్నీ ఒకటి కావు. వయసు మీద పడ్డాక మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి ఒక రకం. ఇందులో పొద్దున లేవగానే ఉండే పట్టు అరగంట లోపే వదులుతుంది. పని చేసిన కొద్దీ నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది.

రెండోది కీళ్లవాతం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి కీళ్ల మీద పడటం దీనికి కారణం. మగవారి కన్నా ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు చేతుల వేళ్ల మొదళ్లూ, మణికట్లూ, పాదాల ముందు భాగాలూ వాస్తాయి. పొద్దున పట్టు అరగంటకు మించి, ఒక్కోసారి రెండు గంటల దాకా ఉంటుంది. ఢిల్లీకి దగ్గరలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే 1993లో వెలువడింది. పెద్దవాళ్లలో నూటికి 0.75 మందికి ఈ జబ్బు ఉన్నట్టు అందులో తేలింది. అంటే వెయ్యి మంది పెద్దవాళ్లలో ఏడెనిమిది మంది. ఓ మోస్తరు ఊరైతే పది మందికి తక్కువ ఉండరు.

ఇవి కాక మరికొన్ని ఉన్నాయి. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనట్టుంటే అది గౌటు కావచ్చు. నలభై ఐదేళ్ల లోపు వారికి మూడు నెలలకు మించి నడుం నొప్పి ఉండి, పడుకుంటే ఎక్కువై, తిరిగితే తగ్గుతుంటే అది వెన్నుపూసల వాతం కావచ్చు. 2005-06లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని ఊపేసినప్పుడు జ్వరం తగ్గినా కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలని సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఏ జబ్బో తేల్చాల్సింది డాక్టరే. అయితే మూడు గుర్తులు తెలిసి ఉంటే మంచిది. మూడు కీళ్లకు మించి వాపు, పొద్దున అరగంటకు మించి పట్టు, అరచేతిని వేళ్ల మొదళ్ల దగ్గర అటూ ఇటూ పట్టి మెల్లగా నొక్కితే నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నాటు మందులతో కాలం గడపకుండా ఆసుపత్రికి పోవాలి.

నొప్పి తూకం సరైన తూకం కాదు

నొప్పి తగ్గితే జబ్బు తగ్గినట్టే అనుకుంటాం. ఇక్కడే మోసపోతాం. నొప్పి బిళ్ల వేసుకుంటే నొప్పి తగ్గుతుంది కానీ కీళ్లవాతంలో లోపల ఎముక కొరుక్కుపోవడం ఆగదు. ఆకు పైకి పచ్చగానే ఉంటుంది, కాండం తొలిచే పురుగు లోపల తన పని తాను చేసుకుపోతుంది. వెన్ను తెల్లబడే దాకా మనకు తెలియదు. ఇదీ అంతే.

మరో సంగతి. మనిషి నొప్పికి అలవాటు పడతాడు. జడ వేసుకోవడం కష్టమైతే కూతురు వేస్తుంది. బోరింగు కొట్టడం కష్టమైతే కొడుకు కొడతాడు. అలా ఒక్కో పనీ చేతి నుంచి జారిపోతున్నా "బాగానే ఉన్నా" అనే అనుకుంటాం. కాగితం మీద రాసుకుంటేనే ఈ జారుడు కంటికి కనిపిస్తుంది.

కీళ్లవాతంలో మొదటి నెలల్లో పని తగ్గడానికి ఎక్కువగా వాపే కారణం. వాపు తగ్గించే మందు పడితే పోయిన పని తిరిగి వస్తుంది. ఏళ్లు గడిచాక పని తగ్గేది ఎముక, కీలు దెబ్బతినడం వల్ల. అలా పోయింది మందులతో తిరిగి రాదు. అందుకే లెక్క మొదటి నుంచే రాయాలి.

పన్నెండు ప్రశ్నలు

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ జేమ్స్ ఫ్రైస్, ఆయన తోటివారు 1980లో ఒక ప్రశ్నావళి వెలువరించారు. "నొప్పి ఎంత?" అని కాకుండా "ఈ పని చేసుకోగలుగుతున్నారా?" అని రోగినే అడగడం దాని పద్ధతి. ఇరవై ప్రశ్నలు, ఎనిమిది రకాల పనులు. ఈ మార్కులు పెరిగే కొద్దీ రోగి పని మానుకోవాల్సిన పరిస్థితి దగ్గర పడుతున్నట్టు తర్వాతి పరిశోధనల్లో తేలింది.

అయితే అందులోని పనులు వాళ్ల దేశానివి. మనం బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం, గొంతుక్కూర్చుంటాం, చీర కడతాం, పంచె కడతాం. అందుకని ఢిల్లీలో డాక్టర్ అశోక్ కుమార్, ప్రొఫెసర్ ఎ.ఎన్. మాలవీయ మొదలైన వారు ఆ ప్రశ్నలను మన జీవితానికి సరిపడేట్టు మార్చి, రోగుల మీద పరీక్షించి 2002లో ప్రకటించారు. అందులో పన్నెండే ప్రశ్నలు. వాటి సారాంశం ఇది. గడిచిన వారం రోజులను తలచుకుని జవాబు చెప్పుకోవాలి.

1. చీర, పంచె కట్టుకోవడం, గుండీలు పెట్టుకోవడం వంటివి మీరే చేసుకోగలరా?
2. మంచం మీద పడుకుని, తిరిగి లేవగలరా?
3. నిండు గ్లాసు నోటి దాకా ఎత్తగలరా?
4. బయట చదునైన నేల మీద నడవగలరా?
5. ఒళ్లంతా రుద్దుకుని స్నానం చేసి, తుడుచుకోగలరా?
6. దొడ్డికి గొంతుక్కూర్చోగలరా, లేదా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలరా?
7. వంగి నేల మీద పడిన గుడ్డ తీయగలరా?
8. కుళాయి తిప్పి, కట్టగలరా?
9. ఆటో, రిక్షా, కారు వంటివి ఎక్కి దిగగలరా?
10. మూడు కిలోమీటర్లు నడవగలరా?
11. కూరగాయల మార్కెట్టుకు పోయి సరుకు తెచ్చుకోగలరా?
12. ఒక వరుస మెట్లు ఎక్కగలరా?

ఇబ్బంది లేకుండా చేస్తే 0, కొంచెం ఇబ్బందితో చేస్తే 1, చాలా ఇబ్బందితో చేస్తే 2, అసలు చేయలేకపోతే 3 వేసుకోండి. అన్నీ కూడితే అత్యధికం 36. వచ్చిన మొత్తాన్ని 12తో భాగిస్తే డాక్టర్లు వాడే అంకె వస్తుంది. ఒకటి లోపు ఉంటే ఇబ్బంది తక్కువ, రెండు దాటితే బాగా ఎక్కువ అని సాధారణంగా లెక్క. భాగహారం రాకపోయినా ఫరవాలేదు, కూడిక రాసుకుంటే చాలు. నిరుటి మార్కుతో పోల్చుకోవడానికి అదే ముఖ్యం.

గొప్పకు పోయి తక్కువ వేసుకోవద్దు. జాలి కోసం ఎక్కువా వేసుకోవద్దు. కాటా మోసం చేస్తే నష్టపోయేది మనమే.

సేద్యం పనులు ఈ పన్నెండులో లేవు. వాటిని కింద విడిగా రాసుకోండి. కొడవలి పట్టి ఒక సాలు కోయడం, ఒక గేదె పాలు పితకడం, సగం బస్తా ఎత్తడం, కాలువ గట్టు ఎక్కి దిగడం. వీటికీ అదే 0 నుంచి 3. అయితే పై మొత్తంలో కలపకండి.

లెక్క ఎట్లా చదవాలి?

అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ చెప్పుకుందాం. ఒక ఇల్లాలు సంక్రాంతికి లెక్క మొదలుపెట్టింది, 5 మార్కులు. ఉగాదికి 9. ఏరువాక నాటికి 14. నొప్పి బిళ్లలు వాడుతోంది కాబట్టి నొప్పి మాత్రం మొదట్లో ఉన్నంతే. నోటి మాటగా అడిగితే "అట్లాగే ఉంది" అనే చెప్పేది. కాగితం మాత్రం ఆరు నెలల్లో దాదాపు మూడింతలు దిగజారిందని చెబుతోంది. డాక్టరు ఆ కాగితం చూసి అసలు జబ్బు మందు మొదలుపెట్టారు. ఈ మందులు పని చేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వినాయక చవితికి 11, దీపావళికి 6 అయితే మందు పట్టినట్టు. అప్పటికీ 14 దగ్గరే ఉంటే మందు మార్చాలేమో డాక్టరు ఆలోచిస్తారు.

మొత్తంలో రెండు మూడు మార్కులు పెరిగి మరుసటి నెలా అట్లాగే ఉంటే పట్టించుకోవాలి. ఒక నెల నాట్లు వేసి అలసిపోయి పెరిగితే కంగారు అక్కర్లేదు. అయితే ఈ మార్కు పనిని మాత్రమే కొలుస్తుంది. జబ్బు ఎంత ఉరవడిగా ఉందో తెలియాలంటే డాక్టరు కీళ్లు నొక్కి చూడటం, రక్తపరీక్షలు తప్పవు.

ఇంట్లోనే మరో నాలుగు కొలతలు

నెలకో రోజు పెట్టుకోండి. నెల మొదటి తారీఖైనా సరే, పౌర్ణమైనా సరే. ఎప్పుడూ అదే వేళకు కొలవాలి.

పొద్దున పట్టు: మెలకువ వచ్చినప్పటి నుంచి వేళ్లు ధారాళంగా ఆడేదాకా ఎన్ని నిమిషాలు? గడియారం చూసి రాయండి.

పిడికిలి: వేళ్ల కొనలు అరచేతికి తగులుతున్నాయా? తగలకపోతే మధ్యలో ఎన్ని వేళ్ల సందు ఉంది?

నమస్కారం: రెండు అరచేతులూ పూర్తిగా ఆనించి, మోచేతులు పైకెత్తి నమస్కారం పెట్టండి. మణికట్లు దెబ్బతింటే అరచేతులు కలవవు.

కుర్చీ: గోడకు ఆనించిన చేతుల్లేని కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీకి కట్టుకుని, అయిదుసార్లు లేచి కూర్చోండి. పదిహేను సెకన్లు దాటితే తొడల బలం తగ్గినట్టు. పడిపోయే భయం ఉన్నవారు పక్కన మనిషి లేనిదే ఇది చేయవద్దు.

చేతి పట్టును ఆసుపత్రిలో కొలిపించుకోవచ్చు. అందుకు ప్రత్యేక పరికరం ఉంది. అది లేకపోతే బీపీ చూసే పట్టీని చుట్టచుట్టి, 20 దాకా గాలి కొట్టి, రోగి చేత పిండిస్తే ముల్లు ఎక్కడిదాకా పోతుందో చూస్తారు. ఎన్నో ఏళ్లుగా డాక్టర్లు వాడిన పద్ధతే ఇది. పాదరసం, ముల్లు ఉన్న యంత్రాలతోనే కుదురుతుంది, అంకెలు చూపే ఎలక్ట్రానిక్ యంత్రంతో కుదరదు.

మందు దగ్గర జాగ్రత్త

కీళ్లవాతానికి మందు ఎంత తొందరగా మొదలైతే కీలు అంత దక్కుతుంది. వాపు కనిపించిన మూడు నెలల్లోపు మొదలైతే మేలు. ఆరు నెలలు దాటనివ్వకూడదు. జిల్లా ఆసుపత్రిలో గానీ, మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో గానీ చూపించుకోవచ్చు. హైదరాబాదు నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగమే ఉంది.

ఎక్కువమందికి మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. దీన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చదువు రానివారు ఇంట్లో పిల్లల చేత క్యాలెండరులో ఆ వారం మీద గుర్తు పెట్టించుకోండి. ఈ మందు వాడేటప్పుడు డాక్టరు చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించుకోవాలి. కల్లు, సారా మానాలి. పిల్లలు కావాలనుకునే వారు ముందే డాక్టరుకు చెప్పాలి, గర్భంతో ఉన్నవారు ఈ మందు వాడకూడదు. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

ఇక ఊళ్లో సూది పొడిచి "రేపటికల్లా లేచి పరుగెత్తుతావు" అనేవారు ఉంటారు. అట్లా లేపేది చాలాసార్లు స్టెరాయిడే. డాక్టరు లెక్క ప్రకారం కొద్ది రోజులు వాడితే అదీ మందే. లెక్క లేకుండా ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగరు వస్తుంది, ముఖం ఉబ్బుతుంది. పేరు, చీటీ లేని పొడులు, మాత్రల్లోనూ స్టెరాయిడ్ కలిపి అమ్మిన ఉదంతాలు బయటపడ్డాయి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. నొప్పి బిళ్లలు రోజూ మింగితే కడుపులో పుళ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. ఎండలో నీళ్లు తాగకుండా పని చేసేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

చుట్ట, బీడీ, సిగరెట్ కీళ్లవాతాన్ని తెచ్చేవాటిలో ఒకటి. ఉన్న జబ్బును ముదరబెడతాయి కూడా. మానడమే మంచిది.

కదిలిస్తేనే కీలు

"నొప్పి ఉంది కదా, కదపకుండా పడుకో" అనడం తప్పు. కదలని కీలు బిగుస్తుంది, చుట్టూ కండ కరుగుతుంది. ఇంగ్లండులో 490 మంది కీళ్లవాత రోగుల మీద చేసిన పరిశోధన 2015లో వెలువడింది. మందులతో పాటు వేళ్లకు, మణికట్లకు పద్ధతిగా వ్యాయామం నేర్పిన వారి చేతులు ఏడాది తర్వాత మిగతావారి చేతుల కన్నా బాగా పని చేశాయి. నొప్పి పెరగలేదు.

పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పది నిమిషాలు ఉంచండి. తర్వాత మెల్లగా పిడికిలి మూసి తెరవండి. బొటనవేలిని ఒక్కో వేలి కొనకూ తాకించండి. వేళ్లు వెడల్పుగా చాపండి. మణికట్టు పైకీ కిందికీ ఆడించండి. ఒక్కొక్కటి పదిసార్లు. వాపు తగ్గాక మెత్తని గుడ్డ ఉండను పిండండి.

మోకాళ్లకు: కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రెండు పూటలా. కీలు వేడిగా, ఎర్రగా వాచిన రోజున బరువు పెట్టవద్దు. మెల్లగా ఆడించి ఊరుకోండి. చేసిన నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే మర్నాడు తగ్గించి చేయండి. జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ వారు ఇవన్నీ చేయించి చూపిస్తారు.

పనిముట్టు మార్చితే పని నిలుస్తుంది

కొడవలి, పార పిడి సన్నగా ఉంటే వేళ్లు గట్టిగా బిగించాలి. పాత సైకిలు ట్యూబు చుట్టి పిడి లావు చేసుకుంటే పట్టు తేలికవుతుంది. వంగి కలుపు తీసే బదులు నిలబడి తోసే పొడుగు కర్ర కలుపు యంత్రం వాడండి. చేత్తో కొట్టే స్ప్రేయరు బదులు బ్యాటరీది అయితే భుజానికీ మణికట్టుకూ విశ్రాంతి. కొనే స్తోమతు లేకపోతే నలుగురు కలిసి అద్దెకు తెచ్చుకోవచ్చు.

పాలు పితికేటప్పుడు బొటనవేలు మడిచి దాని కణుపుతో లాగే అలవాటు కొందరికి ఉంటుంది. అది బొటనవేలి కీలుకూ చెరుపే, పశువు చన్నుకూ చెరుపే. నిండు పిడికిలితో పితకడం ఇద్దరికీ మంచిది. బిందె ఒంటి చేత్తో కాక రెండు చేతులతో ఎత్తండి. పెద్ద బిందె ఒకటి బదులు చిన్నవి రెండుసార్లు తెచ్చుకోండి.

ఒంట్లో బాగున్న రోజే పనంతా చేసేద్దామని పూనుకోవద్దు. మర్నాడు లేవలేరు. గంట కోత కోస్తే పది నిమిషాలు కూర్చోండి. వేళ్ల పని తర్వాత కాళ్ల పని పెట్టుకోండి. దొడ్లో గొంతుక్కూర్చోలేని వారికి మధ్యలో కన్నం ఉన్న కుర్చీ, గోడకు పట్టుకునే కడ్డీ ఏర్పాటు చేయండి.

ఫ్లోరైడ్ ఊళ్ల వారికి

నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్ల జబ్బు ఉందని 1937లోనే డాక్టర్లు గుర్తించారు. నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే. దీనివల్ల నడుం, మెడ, కీళ్లు బిగుసుకుపోయినా ఇది కీళ్లవాతం కాదు, మందూ వేరు. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయగలరా, గడ్డం ఛాతీకి ఆనుతుందా, చేతులు తల వెనక్కి పోతాయా అని మూడు పరీక్షలు చేసి చూస్తారు. ఇవి కుదరకపోతే తాగే నీటినీ, మూత్రాన్నీ పరీక్ష చేయించాలి.

కాగితం దాచుకోండి

ఆసుపత్రికి పోయేటప్పుడు మందుల చీటీలతో పాటు ఈ నోటు పుస్తకం కూడా పట్టుకుపోండి. డాక్టరుకు మీ కోసం ఉండేది అయిదు నిమిషాలే. ఆరు నెలల అంకెలు చూస్తే ఆ అయిదు నిమిషాల్లోనే సంగతి తేలిపోతుంది. జబ్బు ముదిరి పని చేయలేని స్థితి వస్తే వికలాంగ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2016 చట్టం ప్రకారం చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. ఆ శాతం నిర్ణయించేది మెడికల్ బోర్డే అయినా, ఎప్పటి నుంచి ఏ పని పోయిందో చెప్పడానికి మీ పుస్తకం పనికి వస్తుంది.

ఇంట్లో ఎవరికైనా వేళ్లు వాస్తున్నాయా? ఈ వారమే పన్నెండు ప్రశ్నలూ అడిగి మార్కులు వేయండి. తారీఖు రాయండి. వచ్చే నెల అదే తారీఖున మళ్లీ అడగండి.